సూపర్ నింటెండో, మెగా డ్రైవ్: ఏ యంత్రం బలం ఎక్కడుంది?

సారాంశం: సెగా మెగా డ్రైవ్, సూపర్ నింటెండో రెండూ 16-బిట్ తరం గేమ్ కన్సోళ్లే. కానీ రెండు కంపెనీలూ ఖర్చు పెట్టిన చోట్లు వేరు. సెగా బలమైన ప్రాసెసర్‌ను నమ్ముకుంది. నింటెండో ప్రాసెసర్‌ను సాదాగా ఉంచి, దాని చుట్టూ బొమ్మకూ ధ్వనికీ ప్రత్యేక సర్క్యూట్లను అమర్చింది. రంగుల్లో, పారదర్శక దృశ్యాల్లో, వాద్యాల సహజత్వంలో సూపర్ నింటెండోది పైచేయి. వేగంలో, దృశ్యం వెడల్పులో, తెర మీద ఒకేసారి జరిగే గందరగోళాన్ని తట్టుకోవడంలో మెగా డ్రైవ్‌ది పైచేయి. అంకెల పట్టికలు ఈ తేడాను చూపించేదానికంటే కప్పిపుచ్చేదే ఎక్కువ.

పాత వాదన మళ్లీ ఎందుకు?

ముప్పై ఏళ్ల కిందటి ఈ పోటీ ముగిసిపోయిన చరిత్రగా మిగిలిపోవలసింది. అలా జరగలేదు. 2017లో నింటెండో తన పాత యంత్రానికి చిన్న రూపాన్ని 21 గేములతో విడుదల చేసింది. 2019లో సెగా మెగా డ్రైవ్ మినీని తెచ్చింది. ఆ రెండు యంత్రాల సర్క్యూట్లను కొత్త చిప్‌లలో తిరిగి నిర్మించి, ఆధునిక టీవీలకు నేరుగా కలుపుకునేలా చేసిన ఇతర కంపెనీల కన్సోళ్లు కూడా దాదాపు అదే సమయంలో వచ్చాయి. దాంతో అసలు యంత్రాలను ఎన్నడూ చూడని తరం కూడా ఏది మెరుగు అని అడగడం మొదలుపెట్టింది.

జవాబుగా సాధారణంగా ఒక పట్టిక ఎదురవుతుంది. ప్రాసెసర్ వేగం మెగా డ్రైవ్‌లో 7.67 మెగాహెర్ట్జ్, సూపర్ నింటెండోలో 3.58. తెర మీద ఒకేసారి కనిపించే రంగులు మెగా డ్రైవ్‌లో 61, సూపర్ నింటెండోలో 256. పట్టిక చదివినవారికి ఒకటి రెట్టింపు వేగం గలదనీ, మరొకటి నాలుగు రెట్లు అందమైనదనీ అనిపిస్తుంది. రెండు అభిప్రాయాలూ పూర్తిగా నిజం కావు.

రెండేళ్ల తేడా

మెగా డ్రైవ్ 1988 అక్టోబరులో జపాన్‌లో విడుదలైంది. 1989లో జెనెసిస్ పేరుతో ఉత్తర అమెరికాకు, 1990లో యూరప్‌కు చేరింది. సూపర్ నింటెండో జపాన్‌లో సూపర్ ఫామికామ్ పేరుతో 1990 నవంబరులో, అమెరికాలో 1991లో, యూరప్‌లో 1992లో వచ్చింది. మెమరీ ధరలు ఏటేటా తగ్గుతున్న ఆ రోజుల్లో రెండేళ్లంటే చిన్న వ్యవధి కాదు. సూపర్ నింటెండోలో ప్రధాన మెమరీ 128 కిలోబైట్లు కాగా మెగా డ్రైవ్‌లో 64 మాత్రమే ఉండటానికి ఈ వ్యవధి కూడా ఒక కారణం.

వంశాల తేడా ఇంతకంటే ముఖ్యం. సెగా, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల కంపెనీ. దాని సిస్టమ్ 16 ఆర్కేడ్ బోర్డులో ఉన్న మోటరోలా 68000 ప్రాసెసర్‌నే మెగా డ్రైవ్‌కూ తీసుకుంది. కేప్‌కామ్ ఆర్కేడ్ బోర్డుల్లో, అమీగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్లలో, తొలి మేకింటోష్‌లో ఉన్నదీ అదే ప్రాసెసర్. కాబట్టి దాన్ని లోతుగా ఎరిగిన ప్రోగ్రామర్లు అప్పటికే అనేక దేశాల్లో ఉన్నారు. నింటెండో 65816ను ఎంచుకుంది. ఇది పాత నింటెండో కన్సోల్‌లోని 6502 వంశానికి చెందినది. అయినా గేములుండే పాత కార్ట్రిడ్జ్‌లు కొత్త యంత్రంలో నడిచే సౌకర్యం చివరికి రాలేదు. విచిత్రంగా ఆ సౌకర్యం సెగా వైపే ఉంది. సెగా పాత కన్సోల్ మాస్టర్ సిస్టమ్‌లోని జెడ్80 ప్రాసెసర్‌ను మెగా డ్రైవ్‌లో రెండో ప్రాసెసర్‌గా ఉంచారు. అందుకే ఒక అడాప్టర్ తగిలిస్తే పాత గేములు నడిచేవి.

మెగాహెర్ట్జ్ లెక్కలో చిక్కు

పట్టికల్లో అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించే అంకె ప్రాసెసర్ వేగమే. మెగాహెర్ట్జ్ అంటే గడియారం సెకనుకు ఎన్ని పది లక్షలసార్లు కొట్టుకుంటుందో చెప్పే లెక్క. ఒక్కో కొట్టుకు ఎంత పని జరుగుతుందో అది చెప్పదు.

68000 ఒకసారి మెమరీని అందుకోవడానికి నాలుగు కొట్లు పడతాయి. అలా అందుకున్నప్పుడు రెండు బైట్లు వస్తాయి. 7.67 మెగాహెర్ట్జ్‌ను నాలుగుతో భాగించి రెండుతో గుణిస్తే సెకనుకు సుమారు 38 లక్షల బైట్లు. 65816 ఒక్కో కొట్టుకు ఒక బైటును అందుకుంటుంది. 3.58 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచినప్పుడు సెకనుకు దాదాపు 36 లక్షల బైట్లు. అంటే మెమరీతో ఇచ్చిపుచ్చుకోవడంలో రెండూ ఇంచుమించు సమానమే. పట్టికలో కనిపించిన రెట్టింపు వేగం ఇక్కడ కరిగిపోతుంది.

అలాగని మెగా డ్రైవ్ ప్రాసెసర్ ఆధిక్యం కట్టుకథ కాదు. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, 68000లో పదహారు రిజిస్టర్లు ఉన్నాయి. ఒక్కోటి 32 బిట్ల వెడల్పు. లెక్క మధ్యలో పుట్టే విలువలను అక్కడే ఉంచుకోవచ్చు. 65816లో లెక్కలకు ప్రధానంగా ఉన్నది ఒకే ఒక్క 16-బిట్ రిజిస్టర్, దానికి తోడు సూచికలుగా మరో రెండు. చేతిలో చోటు లేక ప్రతి చిన్న విలువ కోసమూ మెమరీకి పరుగెత్తాలి. ఇరవై మంది శత్రువుల స్థానాలను ఒక్కొక్కటిగా సరిచూసి, ఎవరు ఎవరిని తాకారో తేల్చే గేములో ఈ పరుగు భారంగా మారుతుంది.

రెండోది, 3.58 మెగాహెర్ట్జ్ అన్నది గరిష్ఠ వేగం మాత్రమే. యంత్రంలోని ప్రధాన మెమరీని తాకినప్పుడల్లా ప్రాసెసర్ 2.68 మెగాహెర్ట్జ్‌కు తగ్గుతుంది. కార్ట్రిడ్జ్‌లో చవకైన, నెమ్మదైన మెమరీ చిప్ వాడితే ప్రోగ్రామ్ మొత్తం ఆ తక్కువ వేగంతోనే నడుస్తుంది. తొలి గేములు చాలావరకు అలాంటి కార్ట్రిడ్జ్‌లపైనే వచ్చాయి. 1990లో వచ్చిన గ్రేడియస్ 3 దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. తెర మీద తూటాలు పెరిగేకొద్దీ గేము నీళ్లలో నడుస్తున్నట్టు మందగిస్తుంది. 2019లో ఒక అభిమాని ఈ గేమును, తర్వాతి కాలపు నింటెండో కార్ట్రిడ్జ్‌లలో వాడిన వేగవంతమైన సహాయక చిప్‌పై నడిచేలా సవరించగా ఆ మందగింపు పోయింది. బొమ్మలు గీసే సర్క్యూట్లు మారలేదు. అడ్డుపడింది ప్రాసెసరేనని ఇంతకంటే స్పష్టంగా చూపించడం కష్టం.

అమెరికాలో సెగా 1990ల తొలినాళ్లలో ప్రచారం చేసిన బ్లాస్ట్ ప్రాసెసింగ్ అనే పదం ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. సెగా గేము సోనిక్ వేగానికి అదే కారణమన్నట్టు ప్రకటనలు సాగాయి. దాని వెనక ఒక సాంకేతిక కిటుకు ఉన్న మాట వాస్తవం: రంగుల డేటాను అతివేగంగా పంపి తెరపై ఎక్కువ రంగులు చూపడం. కానీ ఆ కిటుకు సోనిక్‌లో లేదు. సోనిక్ వేగం ప్రాసెసర్ బలానికీ, ప్రోగ్రామర్ల నేర్పుకూ చెందినది.

రంగుల పెట్టె, తెర వెడల్పు

మెగా డ్రైవ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఎనిమిది స్థాయులు. మొత్తం 512 రంగులు. సూపర్ నింటెండోలో ఒక్కోదానికి 32 స్థాయులు కాబట్టి మొత్తం 32,768. అయితే కళాకారులను నిజంగా ఇబ్బంది పెట్టింది ఈ మొత్తం కాదు, పంపకం. మెగా డ్రైవ్‌లో ఒక్కోదాంట్లో పదిహేను రంగులుండే పెట్టెలు నాలుగే. నేపథ్యాలు, హీరో, శత్రువులు, స్కోరు అంకెలు అందరూ వాటినే పంచుకోవాలి. సూపర్ నింటెండోలో నేపథ్యాలకు ఎనిమిది, కదిలే బొమ్మలకు ఎనిమిది విడివిడిగా ఉంటాయి. మెగా డ్రైవ్ గేముల్లో కొట్టొచ్చినట్టుండే ముదురు రంగులకూ, సూపర్ నింటెండో గేముల్లోని మెత్తని ఛాయలకూ మూలం ఇదే. 1994 నవంబరులో వచ్చిన డాంకీ కాంగ్ కంట్రీ శక్తిమంతమైన సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్లపై తయారైన త్రీడీ బొమ్మలను సాధారణ కార్ట్రిడ్జ్‌లోకి దించగలిగిందంటే, ఆ ఛాయలకు చోటు ఉండబట్టే.

ఒక బొమ్మ వెనక మరొకటి పలుచగా కనిపించే పారదర్శకత కూడా సూపర్ నింటెండో సర్క్యూట్లలోనే ఉంది. రెండు పొరల రంగులను కూడడం, తీసివేయడం, సగం చేయడం వాటికి తెలుసు. పొగమంచు, నీటి అడుగు, దీపపు వెలుగు ప్రాసెసర్‌పై భారం లేకుండా వచ్చేస్తాయి. మెగా డ్రైవ్‌లో బొమ్మను నీడలో పెట్టే, ప్రకాశవంతం చేసే పరిమిత సౌకర్యం మాత్రమే ఉంది.

తెర వెడల్పులో లెక్క తారుమారవుతుంది. మెగా డ్రైవ్ అడ్డంగా 320 పిక్సెళ్లు చూపగలదు. సూపర్ నింటెండో గేములు చాలావరకు 256తో సరిపెట్టుకుంటాయి. రెండిటినీ ఒకే టీవీపై చూస్తే సూపర్ నింటెండో పిక్సెళ్లు కాస్త లావుగా కనిపిస్తాయి. వేగంగా పరుగెత్తే గేములో ఈ తేడా అందానికి సంబంధించినది కాదు, ఆటకే సంబంధించినది. 64 పిక్సెళ్లు ఎక్కువ కనిపించడమంటే ఎదురొచ్చే ముళ్లను కాస్త ముందుగా చూడగలగడం.

కదిలే బొమ్మల సంఖ్య విషయంలోనూ పట్టిక సగమే చెబుతుంది. సూపర్ నింటెండోకు 128, మెగా డ్రైవ్‌కు 80. కానీ సూపర్ నింటెండో ఒక సమయంలో రెండే పరిమాణాలను అనుమతిస్తుంది. మెగా డ్రైవ్‌లో ప్రతి బొమ్మకూ దాని సొంత పరిమాణం ఉండవచ్చు. చిన్న తూటాలు, పొడవాటి ఆయుధాలు, భారీ శత్రువులు కలిసి వచ్చే గేముల్లో ఈ స్వేచ్ఛ విలువైనది. 1993 నాటి గన్‌స్టార్ హీరోస్ అలాంటి గేముకు మంచి నమూనా.

మోడ్ 7 ఏం చేస్తుంది, ఏం చేయదు

సూపర్ నింటెండో ప్రత్యేకతల్లో ఎక్కువ పేరు పొందినది మోడ్ 7. ఇది ఒక నేపథ్య పొరను తిప్పగలదు, పెంచగలదు, తగ్గించగలదు. ఆ పొర 1,024 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు గల ఒక పెద్ద పటం. తెర మీద ఒక్కో గీత గీసే ముందు కొలతలను కొద్దికొద్దిగా మారిస్తే, దూరంలోని గీతలు ఇరుకుగా, దగ్గరివి వెడల్పుగా వస్తాయి. చదునైన పటం నేలలా పరుచుకుని దిగంతం వరకూ సాగినట్టు అనిపిస్తుంది. ఎఫ్-జీరో, సూపర్ మారియో కార్ట్ గేముల్లోని రహదారులు ఇలా పుట్టినవే.

పరిమితులు కూడా అంతే గట్టివి. మోడ్ 7లో నేపథ్య పొర ఒక్కటే ఉంటుంది. తిరిగే రాక్షసుడిని చూపాలంటే అతడినే నేపథ్యంగా గీయాలి, అప్పుడు అతడి వెనక గోడలూ ఆకాశమూ ఉండవు. చాలా గేముల్లో అలాంటి సన్నివేశాలు నల్లని చీకట్లో జరగడానికి కారణం ఇది. పైగా మోడ్ 7 కదిలే బొమ్మలను తాకదు. మారియో కార్ట్‌లో దూరంగా వెళ్లిన బండి చిన్నదవుతోందంటే, ఆ చిన్న పరిమాణాలన్నిటినీ కళాకారులు ముందే విడివిడిగా గీసి కార్ట్రిడ్జ్‌లో పెట్టారని అర్థం.

మెగా డ్రైవ్‌లో ఇలాంటి సర్క్యూట్ లేదు. మొదటి సోనిక్‌లోని ప్రత్యేక దశలో చుట్టూ ఉన్న గదంతా గిరగిరా తిరుగుతుంది. అక్కడ ప్రతి ఇటుకా ఒక కదిలే బొమ్మ. దాని స్థానాన్ని ప్రాసెసర్ లెక్కకట్టి, వేర్వేరు కోణాల్లో ముందే గీసి ఉంచిన రూపాల్లోంచి సరిపోయేదాన్ని తగిలిస్తుంది. ఒకే రకం దృశ్యాన్ని ఒక యంత్రం సర్క్యూట్‌తో సాధించింది, మరొకటి లెక్కలు కట్టి సాధించింది. రెండు కన్సోళ్ల స్వభావాల తేడా ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

వాద్యబృందమా, సింథసైజరా?

ధ్వని విషయంలో ఏది మెరుగు అన్న ప్రశ్నే సరిగ్గా అతకదు. రెండూ వేర్వేరు జాతుల వాద్యాలు.

సూపర్ నింటెండో ధ్వని విభాగాన్ని సోనీలో కెన్ కుతారగి రూపొందించారు. తర్వాతి కాలంలో ప్లేస్టేషన్‌కు ఆద్యుడైన ఇంజనీరు ఆయనే. ఇందులో ఎనిమిది ఛానెళ్లు ఉన్నాయి. ప్రతిదీ రికార్డు చేసిన శబ్దపు ముక్కను కావలసిన స్వరంలో వినిపిస్తుంది. వయొలిన్ ముక్క ఉంటే వయొలిన్, డప్పు ముక్క ఉంటే డప్పు. అయితే ఆ ముక్కలన్నీ 64 కిలోబైట్ల మెమరీలో ఇమడాలి. ప్రతి 16 నమూనాలూ (శబ్దపు కొలతలు) 9 బైట్లకు కుదించబడతాయి. సెకనుకు 32,000 నమూనాల పూర్తి నాణ్యతతో నింపితే ఆ మెమరీ నాలుగు సెకన్ల శబ్దానికైనా చాలదు. అందులోనే సంగీతపు ప్రోగ్రాము ఉండాలి, ప్రతిధ్వని కావాలంటే దానికీ చోటు వదలాలి. ప్రతి 16 మిల్లీసెకన్ల ప్రతిధ్వనికి 2 కిలోబైట్లు పోతాయి. అందుకే స్వరకర్తలు వాద్యాలను తక్కువ నాణ్యతతో, అతి చిన్న ముక్కలుగా కోసి వాడారు. యంత్రం ఆ ముక్కలను నునుపు చేసి వినిపించే పద్ధతి కూడా తోడై, శబ్దం దుప్పటి కప్పినట్టు మెత్తగా వస్తుంది. సూపర్ నింటెండో సంగీతంలో వినిపించే మందిరంలాంటి ప్రతిధ్వని, ఆ మసక రెండూ ఒకే పొదుపు లెక్క నుంచి వచ్చినవి.

మెగా డ్రైవ్‌లోని యమహా వైఎం2612 చిప్ రికార్డింగులపై ఆధారపడదు. ఒక తరంగంతో మరో తరంగాన్ని కదిలించి శబ్దాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఒక వాద్యాన్ని వర్ణించడానికి కొన్ని పదుల బైట్లు చాలు. ఫలితంగా లోహపు పదును గల శబ్దాలు, లోతైన బేస్, ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం దానికి సహజంగా వస్తాయి. తంత్రీవాద్యాలు రావు. ఆరు ఛానెళ్లలో ఆరోదాన్ని రికార్డు శబ్దానికి కేటాయించవచ్చు గానీ, ఆ డేటాను సాధారణంగా జెడ్80 ప్రాసెసరే యమహా చిప్‌కు పంపుతూ ఉండాలి. గ్రాఫిక్స్ డేటా బదిలీ జరిగే క్షణాల్లో దానికి కార్ట్రిడ్జ్ అందదు. మెగా డ్రైవ్‌లో మనుషుల గొంతులు తరచూ గరగరలాడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

యుజో కోషిరో అనే ఒకే స్వరకర్త రెండు యంత్రాలకూ పనిచేశారు. 1990లో సూపర్ నింటెండో గేము యాక్ట్‌రైజర్‌కు సింఫనీని తలపించే సంగీతం ఇచ్చారు. 1991లో మెగా డ్రైవ్ గేము స్ట్రీట్స్ ఆఫ్ రేజ్‌కు నృత్యశాలల సంగీతం ఇచ్చారు. యంత్రం ఏది పలకగలదో తెలిసిన చెవి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఈ రెండిటినీ వరసగా వింటే చాలు. ధ్వని నాణ్యతపై సాగే వాదనల్లో ఎక్కువ భాగం నిజానికి మెగా డ్రైవ్‌తో పలికించే నేర్పు లేనివారి పనిని చూసి ఆ చిప్‌పై మోపిన నింద.

అదనపు బలం ఎక్కడ పెట్టాలి?

వయసు మీదపడుతున్న యంత్రాన్ని బలపరచడానికి రెండు కంపెనీలూ రెండు దారులు పట్టాయి. నింటెండో సహాయక చిప్‌లను కార్ట్రిడ్జ్‌లలోనే పెట్టింది. మారియో కార్ట్‌లో లెక్కల చిప్, 1993 నాటి స్టార్ ఫాక్స్‌లో త్రీడీ బొమ్మలు గీసే సూపర్ ఎఫ్‌ఎక్స్, 1996 నాటి సూపర్ మారియో ఆర్‌పీజీలో మూడు రెట్ల వేగంగల మరో ప్రాసెసర్. ఆ గేము కావలసినవారే ఆ చిప్ ఖర్చు భరించారు, కన్సోల్ అందరికీ ఒకటిగానే ఉండిపోయింది.

సెగా కూడా 1994లో వర్చువా రేసింగ్ కార్ట్రిడ్జ్‌లో ఇలాంటి చిప్‌ను ఒకసారి వాడింది. ధర అమెరికాలో సుమారు 100 డాలర్లకు చేరింది, తర్వాత మరే గేములోనూ ఆ చిప్ రాలేదు. సెగా ప్రధానంగా వెళ్లిన దారి అదనపు యంత్రాలది: 1991లో మెగా సీడీ, 1994 నవంబరులో 32ఎక్స్. ప్రతి అదనపు యంత్రమూ కొనుగోలుదారులను చీల్చింది. కొద్దిమంది దగ్గరే ఉన్న పరికరానికి గేములు రాయడానికి కంపెనీలు వెనకాడాయి, గేములు లేని పరికరాన్ని కొనడానికి జనం వెనకాడారు. 32ఎక్స్ అమెరికాలో దుకాణాలకు వచ్చిన నెలలోనే డాంకీ కాంగ్ కంట్రీ ఏ అదనపు చిప్పూ లేకుండా వచ్చి, చివరికి 90 లక్షలకు పైగా అమ్ముడైంది.

యంత్రం బయటి కారణాలు

అమ్మకాలను సర్క్యూట్లు మాత్రమే నిర్ణయించలేదు. గేముల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మెగా డ్రైవ్‌ను విడదీసి అధ్యయనం చేసి, ఆ బలంతో సెగాతో అనుకూలమైన ఒప్పందం సాధించింది. అమెరికన్ క్రీడల గేములు తొలుత సెగా వైపు మొగ్గడానికి అది దోహదం చేసింది. జపాన్‌లో స్క్వేర్, ఎనిక్స్ కంపెనీలు నింటెండోతోనే ఉండటంతో ఫైనల్ ఫాంటసీ, డ్రాగన్ క్వెస్ట్ లాంటి కథాప్రధాన గేములు మెగా డ్రైవ్‌కు రాలేదు. జపాన్‌లో సూపర్ ఫామికామ్ దాదాపు 1.7 కోట్లు అమ్ముడైతే మెగా డ్రైవ్ దాదాపు 36 లక్షల దగ్గర ఆగిపోవడంలో ఈ కథల గేముల పాత్ర పెద్దది. ప్రపంచం మొత్తంమీద సూపర్ నింటెండో 4.91 కోట్లు అమ్ముడైంది. మెగా డ్రైవ్‌ది సుమారు మూడు కోట్లు.

బటన్ల సంఖ్య కూడా లెక్కలోకి వచ్చింది. ఆరు దెబ్బలకు ఆరు బటన్లు కావలసిన స్ట్రీట్ ఫైటర్ 2 సూపర్ నింటెండోకు 1992లోనే సరిగ్గా అమరింది. మూడు బటన్లతో మొదలైన సెగా 1993లో ఆరు బటన్ల కంట్రోలర్ తేవలసి వచ్చింది. అదే ఏడాది మోర్టల్ కాంబాట్ విషయంలో పరిస్థితి తిరగబడింది. నింటెండో రూపంలో రక్తం స్థానంలో చెమట లాంటి బూడిదరంగు చుక్కలు ఉంచారు. సెగా రూపంలో ఒక రహస్య బటన్ల వరస నొక్కితే రక్తం వచ్చేది, అమ్మకాలు అటే మొగ్గాయి. 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణకు, ఆపై 1994లో ఈఎస్‌ఆర్‌బీ వయసు వర్గీకరణకు దారితీసిన పరిణామాల్లో ఈ గేము ఒకటి.

పాత యంత్రం, కొత్త తెర

ఇప్పుడు అసలు యంత్రాలను సేకరించేవారికి ప్రాంతాల తేడా ముందుగా తగులుతుంది. యూరప్ కన్సోళ్లు 50 హెర్ట్జ్ టీవీల కోసం తయారయ్యాయి. 60 హెర్ట్జ్ కోసం రాసిన గేమును సరిదిద్దకుండా వాటిపై నడిపితే ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, పైనా కిందా నల్లని పట్టీలు వస్తాయి. తయారీ కాలాన్నిబట్టి కూడా తేడాలున్నాయి. మెగా డ్రైవ్ తొలి నమూనా శబ్దం స్పష్టతకు పేరుపొందింది, రెండో నమూనా బోర్డులు కొన్నిటిలో అది మసకబారింది. సూపర్ నింటెండోలో చిత్రాల చిప్‌లను ఒక్కటిగా కలిపిన చివరి బోర్డులే బొమ్మను పదునుగా చూపుతాయి. ఆట ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే కార్ట్రిడ్జ్‌లు చాలావరకు లోపలి చిన్న బ్యాటరీపై ఆధారపడతాయి. అది అయిపోతే దాచిన ఆట చెరిగిపోతుంది. బ్యాటరీ మార్చవచ్చు, పోయిన ఆట మాత్రం తిరిగి రాదు.

కొత్త తెరలతో ఎక్కువగా నష్టపోయినది మెగా డ్రైవ్. మొదటి సోనిక్‌లో గ్రీన్ హిల్ దశలో ఒక జలపాతం ఉంది. పారదర్శకత చూపే సర్క్యూట్ లేదు కాబట్టి కళాకారులు ఒక నిలువు గీతను గీసి, పక్కదాన్ని ఖాళీ వదిలి, మళ్లీ ఒకటి గీశారు. ఆనాటి టీవీకి ఒకే తీగ మీద వెళ్లే కాంపోజిట్ సిగ్నల్‌లో పక్కపక్క పిక్సెళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. గీతలు మాయమై పలుచని నీరు, దాని వెనక సోనిక్ కనిపించేవాడు. ఆ తీగ లోపాన్నే వారు కుంచెగా వాడుకున్నారు. హెచ్‌డీఎంఐ ద్వారా ప్రతి పిక్సెలూ విడిగా చూపే నేటి తెరపై అదే జలపాతం నీలిగీతల కంచెలా నిలబడుతుంది. పాత కన్సోళ్లను కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్లలో కాంపోజిట్ సిగ్నల్‌ను అనుకరించే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే మిగతా బొమ్మ కొంచెం మసకబారుతుంది గానీ, ఆ గీతలు మళ్లీ నీళ్లవుతాయి.